భూపాల్‌కు ఫస్టు క్లాసు వచ్చిన తీరు

తరిగొప్పులలో వెంకట్రాం రెడ్డి ఇంటి నుంచి ఆ ఏడు ఇద్దరు మెట్రిక్‌కు ఫీజు కట్టారు. కొడుకు భూపాల్‌కు అది మూడోసారి. కూతురు అరుంధతికి మొదటిసారి. ఊళ్లో బడి ఏడో తరగతితో ఆగిపోయేది. ఆ పైన చదవాలంటే జనగామ పోవాలి. మగపిల్లవాడు కాబట్టి భూపాల్‌ను జనగామలో గది తీసుకుని ఉంచారు. ఆడపిల్ల కాబట్టి అరుంధతి ఇంట్లోనే చదువుకుని ప్రైవేటుగా రాయాలన్నారు. అంతవరకు ఒప్పుకోవడమే గొప్ప అని తల్లి మనోరమ చుట్టాలందరికీ చెప్పుకునేది.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కావాలని పిల్లలు బళ్లు విడిచి రోడ్లెక్కిన సంవత్సరం. బళ్లు మూతపడ్డాయి. పరీక్షలు వాయిదా మీద వాయిదా పడుతూ మరుసటి ఏటి దాకా పోయాయి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కొందరు లాఠీ దెబ్బలు తిని మంచాన పడ్డారు, కొందరు జైలుకు పోయి వచ్చారు. గది విడిచి ఇంటికొచ్చిన భూపాల్ కూడా పొద్దున్నే బస్సెక్కి జనగామ పోయేవాడు. ఊరేగింపులో నాలుగడుగులు నడిచి, పోలీసు బండి కనబడగానే హోటల్లో దూరి మిర్చిబజ్జీలు తినేవాడు. ఆ సంగతి ఇంటికొచ్చి అతనే నవ్వుకుంటూ చెప్పేవాడు. జైలుకు పోయినవాళ్ల పేర్లు మాత్రం తన దోస్తులన్నట్టు ఊరంతా చెప్పుకునేవాడు. అది వింటుంటే అరుంధతికి ఒళ్లంతా చీదరగా ఉండేది.

బడి మూతపడి సోమనర్సయ్య సారుకు పని లేకుండా పోయింది. ఊరి బడిలో లెక్కలు, సైన్సు చెప్పే మనిషి. "మావోనికి ఇంటికొచ్చి జర చెప్పు సారూ" అని వెంకట్రాం రెడ్డి అడిగితే కాదనలేకపోయాడు. రోజూ పొద్దున వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. భూపాల్ అయితే జనగామ పోయి ఉండేవాడు, లేకుంటే లోపల మంచం దిగేవాడు కాదు. వచ్చినందుకు ఊరికే పోవడం ఇష్టం లేక అరుంధతిని పిలిచాడు.

మొదటి రోజే ఆమెకు తలకొట్టేసినట్టయింది. పాఠం చదివావా అంటే చదివానంది. పుస్తకం మూసి చెప్పమంటే గడగడా అప్పజెప్పింది.

"ఇది పుస్తకం చెప్పింది బిడ్డా," అన్నాడు సోమనర్సయ్య. "ఇప్పుడు నువ్వు చెప్పు."

ఆమె మళ్లీ పుస్తకం తెరవబోయింది.

"గిదే మన పిల్లలు చేసే తప్పు. కండ్లతోని పదిసార్లు చదువుతరు, ఒక్కసారి కూడ పుస్తకం మూయరు. చూస్తున్నంతసేపు అన్నీ వచ్చినట్టే ఉంటయి. మూసినంక తెలుస్తది ఏం రాదో. చదువు, మూయి, ఏమీ తెలువనోళ్లకు చెప్పు. ఎక్కడ నోరు ఆగుతదో అక్కడ నీకు రానట్టు. అక్కడికే మళ్ల పో. వచ్చిందాన్నే తిప్పి తిప్పి చదువుకుంట సంబురపడకు."

ఇంట్లో ఏమీ తెలియనివాళ్లంటే పనిచేసే సాయమ్మ కనబడింది. ఆమె చింతపండు గింజలు తీస్తుంటే అరుంధతి ఎదురుగా పీట వేసుకుని గుండె ఎట్లా కొట్టుకుంటుందో, రైలు పట్టాల మధ్య సందు ఎందుకు విడుస్తారో చెప్పేది. సాయమ్మ సగం వినేది, సగం వినకపోయేది. ఒక్కోసారి "గట్లెట్లయితది బిడ్డా, మళ్ల చెప్పు" అనేది. ఆ మళ్లీ చెప్పడంలోనే అరుంధతికి తన తెలివి ఎక్కడ కుంటుతుందో తెలిసేది. తప్పు చేసిన లెక్కను చెరపొద్దని, పక్కన ఎందుకు తప్పయిందో రాసుకోమని సారు చెప్పాడు. పాత పాఠం కొంచెం మరుపున పడ్డాక మళ్లీ ఎత్తుకోమన్నాడు. కష్టమైనది పొద్దున లేవగానే, తేలికది మధ్యాహ్నం తిన్న తర్వాత. ఆమెకు లెక్కలంటే భయం పోయింది. తర్వాత ఇష్టం వచ్చింది. ఒక రేఖాగణితం లెక్కను సారు చెప్పినట్టు గాక వేరే తోవలో చేసి చూపిస్తే సోమనర్సయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ పూట ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత సంతోషం.

భూపాల్ చదువు తీరు వేరు. మంచం మీద పడుకుని పుస్తకం పొట్ట మీద బోర్లించుకునేవాడు. ఎవరైనా వస్తున్న చప్పుడైతే ఎత్తేవాడు. చదివితే అరుంధతి పుస్తకాల్లోనే చదివేవాడు, తనవి జనగామలో ఎక్కడో పోగొట్టాడు. పరీక్ష తేదీలు వచ్చాక ఆమె సోషలు పుస్తకం తెరిస్తే పేజీలు సగం లేవు. చిట్టీలకని చించాడు. ఉన్న పేజీల మీద బజ్జీల నూనె మరకలు, పటం మీద పాన్ మరక. ఆ మరక మీద ఇంకా తడి ఉంది. ఆమె పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అరుగు మీద పెట్టి, చేయి కడుక్కుని వచ్చింది.

"ఎందుకు చింపినవ్ అన్నా?"

"నీకెట్లగూ కంఠతా వచ్చె గదా. నీకేం పని దానితోని."

ఇంకో పది రోజుల్లో పరీక్షలనగా ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర వెంకట్రాం రెడ్డి మాట ఎత్తాడు. ఆయన కోపంగా మాట్లాడితే అరుంధతికి భయం ఉండేది కాదు. మెత్తగా మాట్లాడితేనే భయం. ఆ రోజు చాలా మెత్తగా మాట్లాడాడు.

"బిడ్డా, అన్న నంబరు, నీ నంబరు పక్కపక్కనే వచ్చినయి. ఇద్దరూ ఒక్క హాల్లెనే కూసుంటరు."

"అవు బాపు."

"నువ్వు రాసిన కాగితం మీద వాని నంబరు ఎయ్యి. వాడు తన కాగితం మీద నీ నంబరు ఏస్తడు. అక్కడ చూసే సారుతోని మాట్లాడిన. ఆయన ఏమనడు."

ఆమె చేతిలో ముద్ద ఉంది. ఏం విన్నదో ఒక్కసారి అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి వైపు చూసింది. మనోరమ కొడుకు విస్తట్లో ఇంకో గరిటె కూర వేస్తోంది.

"మరి నేను ఫెయిల్ అయిత గదా బాపు."

"అయితేంది? ఆడపిల్ల ఫెయిలయితే అడిగేటోడెవడు. వాడు ఈసారి గూడ పోతే నేను నలుగుర్ల తలెత్తుకోలేను. హన్మకొండ కాలేజీల సీటు మాట్లాడిన. నువ్వు అక్టోబర్‌ల మళ్ల రాసుకో. నీకు వచ్చిన చదువు ఎటూ పోదు గదా."

"నేను రాయను."

"రాయకుంటే జనగామ బస్సే ఎక్కవ్," అన్నాడు అదే మెత్తని గొంతుతో. "ఎవలూ రాయరు. పుస్తకాలు పొయ్యిల పెడత."

భూపాల్ తలెత్తలేదు. సిగ్గుపడి కాదు. కూరలోని ఎముక మూలుగను చప్పుడు చేస్తూ పీల్చుకుంటున్నాడు. పెదాల చుట్టూ నూనె. ఆ చప్పుడు వింటూ కూర్చోలేక అరుంధతి ముద్ద విస్తట్లో వదిలి లేచింది.

మరునాడు సోమనర్సయ్య సారు వచ్చేదాకా ఆమెకు ఒక ఆశ ఉంది. సారు వింటే మండిపడతాడు, బాపు ఎదుట నిలబడి కాదంటాడు అనుకుంది. ఏడాది పాటు ఆమె చేసిన ప్రతి తప్పునూ వదలకుండా పట్టుకున్న మనిషి. అరుగు మీద కూర్చోగానే అంతా చెప్పింది.

సారు చెప్పుల వైపు చూస్తూ మాట్లాడాడు.

"నాకు తెలుసు బిడ్డా. మీ బాపు మొన్ననే చెప్పిండు."

"మీరేమన్నరు సారు?"

"నేనేమంట. మీ బాపు మాట మీదనే నేను ఈ ఊళ్లె ఉన్న. లేకుంటే ఎప్పుడో భూపాలపల్లి అడవిలకు బదిలీ చేస్తుండిరి. పిల్లలు చిన్నోళ్లు." ఆగి, గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. కోపంల పేపరు ఖరాబు చెయ్యకు. మంచిగ రాయి. ఎవని పేరు మీద వచ్చినా ఫస్టు క్లాసు ఫస్టు క్లాసే. నేను చెప్పిన పిల్ల రాసిందని నాకు తెలుసు గదా."

తండ్రి మాట విన్నప్పుడు కోపం వచ్చింది. ఈ మాట విన్నప్పుడు కోపం రాలేదు. చల్లారిన అన్నంలో చెయ్యి పెడితే పురుగు తగిలినట్టు అనిపించింది. సారు ఆ రోజు కూడా లెక్క ఇచ్చాడు. ఆమె చేసింది. సరిగ్గానే వచ్చింది.

జనగామలో చిన్నమ్మ ఇంట్లో దిగారు. పరీక్ష హాలు కిటికీలకు చువ్వలున్నాయి గాని తలుపుల్లేవు. గంట కొట్టిన కొంచెంసేపటికే బయట గోడ మీద జనం కనబడ్డారు. అన్నలు, బావలు, మేనమామలు. కాగితం ఉండలు లోపలికి వచ్చి పడుతున్నాయి. ఒకటి వచ్చి ఆమె బల్ల మీద పడింది. ఎవరో చెమట చేతుల్లో నలిపిన కాగితం, తడిగా ఉంది. ఆమె కలంతో కిందికి తోసింది. పక్క బల్ల పిల్లవాడు పాదంతో లాక్కున్నాడు. ముందు బల్ల పిల్లవాడు చొక్కా లోపలి నుంచి చిట్టీలు తీసి, చూసి, నోట్లో పెట్టుకుని నమిలి మింగుతున్నాడు. కాపలా సారు కుర్చీలో కూర్చుని పత్రిక చదువుకుంటూ, మధ్యలో లేచి ఆమె దగ్గరికి వచ్చి నవ్వాడు.

"మంచిగ రాయమ్మా. తొందరేం లేదు."

ఆ నవ్వులో తను కూడా వాళ్ల మనిషే అన్న చనువు ఉంది. అది అన్నిటికన్నా జుగుప్సగా తోచింది.

వెనక బల్ల నుంచి భూపాల్ వంగి ఆమె కాగితం మీద నంబరు చూసుకున్నాడు. తన నంబరే ఉంది. నిమ్మళంగా వెనక్కి ఒరిగాడు. మూడు గంటలూ అతను ఏం రాశాడో ఆమెకు తెలియదు. ఒకసారి గీకుతున్న చప్పుడైతే చూసింది. బల్ల మీద తన పేరు చెక్కుతున్నాడు.

లెక్కల పరీక్ష రోజు ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. సారు ఏమన్నా సరే, పేపరు పాడుచేయాలి. అన్నీ తప్పులు రాయాలి. అన్న ఫెయిలవుతాడు, తను ఎట్లాగూ ఫెయిలే. పోతే ఇద్దరూ పోతారు. ప్రశ్నపత్రం చూసింది. మొదటి లెక్క ఆమెకు బాగా వచ్చిన లెక్క. తప్పుగా మొదలుపెట్టింది. రెండో వరుస దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ తప్పును చూస్తూ ముందుకు పోలేకపోయింది. కొట్టేసి, సరిగ్గా చేసింది. రెండోది చూస్తుండగానే దానంతటదే విడిపోయింది. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పుగా చేయడం ఆమె వల్ల కాలేదు. ఏడాది పాటు నేర్చుకున్న చెయ్యి తన మాట వినకుండా భూపాల్‌కు మార్కులు సంపాదించి పెట్టింది. బయటికి వచ్చాక బోరింగు దగ్గర చేతులు కడుక్కుంది. సిరా పోయినా కడుగుతూనే ఉంది. చిన్నమ్మ వచ్చి "ఏందే, ఏమంటుకున్నది" అని అడిగేదాకా.

ఫలితాలు పత్రికలో వచ్చాయి. ఫస్టు క్లాసు వరుసలో భూపాల్ నంబరు ఉంది. అరుంధతి నంబరు ఎక్కడా లేదు. వెంకట్రాం రెడ్డి పత్రికను నలుగురికీ చూపించి, మడిచి జేబులో పెట్టుకుని, ఊరందరికీ భోజనాలన్నాడు. మూడోసారికైనా ఫస్టు క్లాసులో పాసైన కొడుకు. ఊళ్లో అంతకు ముందు ఎవరికీ ఫస్టు క్లాసు రాలేదు.

బడి ముందర షామియానా వేశారు. బళ్లు తెరిచారు కాబట్టి పిల్లలందరినీ కూర్చోబెట్టారు. భూపాల్ మెడలో బంతిపూల దండ. పక్కన కుర్చీలో సోమనర్సయ్య సారు, ఆయన మెడలో కూడా దండ. ఆడవాళ్లు బడి వరండాలో నిలబడ్డారు. అరుంధతి స్తంభం పక్కన ఉంది.

"మా పోరగాళ్లకు జర చెప్పు బాబూ, ఎట్ల చదివితే గిన్ని మార్కులు వస్తయో," అన్నాడు సర్పంచు.

భూపాల్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఊకె చదువుడు కాదు తమ్మీ. పుస్తకం మూసి మనంతల మనం చెప్పాలె. నేను చదివి, మా ఇంట్ల సాయమ్మకు చెప్పేటోణ్ణి. ఎక్కడ నోరు ఆగుతదో అక్కడ మనకు రానట్టు. మళ్ల అక్కడికి పోవాలె. తప్పయిన లెక్కను చెరపొద్దు, ఎందుకు తప్పయిందో పక్కన రాసుకోవాలె. పొద్దుగాల లేసి కష్టమైంది చదవాలె."

పొల్లు పోకుండా చెప్పాడు. ఏడాది పాటు మంచం మీద పడుకుని ఇదంతా విన్నాడన్నమాట. విని, పాఠం వదిలేసి, పాఠం చదివే తీరును మాత్రం గుర్తు పెట్టుకున్నాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. సోమనర్సయ్య సారు తల ఊపాడు. చప్పట్లు కొడితే తనూ కొట్టాడు. అరుంధతి ఆయన చేతుల వైపే చూసింది. ఆ చేతులు ఒకదానికొకటి తగులుతుంటే బురదలో కాలు వేసి లాగుతున్న చప్పుడులా వినబడింది ఆమెకు.

మనోరమ లడ్డూల పళ్లెంతో వచ్చి, అందరూ చూస్తుండగా ఒకటి విరిచి బిడ్డ నోట్లో పెట్టింది. "అన్న పాసయిండు, నువ్వు గిట్ల మూతి ముడుచుకుంటే జనం ఏమనుకుంటరు. తిను."

అరుంధతి నోట్లో అది మెత్తగా, నెయ్యి వాసనతో కరుగుతోంది. మింగడం చేతకాలేదు. స్తంభం వెనక్కి తిరిగి ఉమ్మేసింది.

"కుళ్లుకుంటున్నదమ్మా," అంది ఎవరో ఆడామె, జాలిగా. "ఫెయిలయింది గదా పాపం."

శ్రావణమాసంలో ఆమె అక్టోబరు పరీక్ష ఫీజు సంగతి అడిగింది. వెంకట్రాం రెడ్డి అప్పుడు గార్ల ఊరి నుంచి వచ్చిన ఒక పెళ్లి సంబంధం గురించి మాట్లాడుతున్నాడు. కూతురి మాట విని ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

"ఫెయిలయినదానివి మళ్ల ఎందుకు బిడ్డా. పిల్లగాడు గూడ మెట్రిక్కే. నువ్వు ఎక్కువ చదివితే వాళ్లకు గిట్టది."

తను చేసిన పనిని ఆయన తనే మరిచిపోయాడు. నటించడం లేదు. కూతురు నిజంగానే ఫెయిలయిందని ఆయన నమ్ముతున్నాడు. అరుంధతికి ఆ మొహంలోకి చూడబుద్ధి కాలేదు. గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"బాపు, నేను అరవను, ఏడ్వను. ఫీజు కట్టు. కట్టకుంటే హన్మకొండ కాలేజీకి ఒక్క కార్డు రాస్త. వాని పరీక్ష కాగితం తెప్పించి, అన్న చేతిరాత పక్కన పెట్టి చూసుకోమంట. ఇంకేం రాయను."

ఆయన లేచాడు. చెయ్యి ఎత్తాడు. ఆమె కదల్లేదు. మనోరమ వచ్చి మధ్యలో నిలబడింది. ఆయన చెయ్యి దించి, "నా కడుపున గిట్లాంటిది పుట్టిందా" అని నేల మీద ఉమ్మి బయటికి పోయాడు. మరునాడు ఎవరి చేతనో ఫీజు కట్టించాడు. ఆ తర్వాత చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు అది హాయిగానే ఉంది.

కాని చదవడానికి కూర్చుంటే చదువు రాలేదు. పుస్తకం మూసి సాయమ్మ ఎదుట కూర్చుని నోరు తెరవగానే షామియానా కింద భూపాల్ గొంతు వినబడేది. తన మాటలు అతని నోట్లో ఊరి ఊరి వచ్చినట్టు, ఎంగిలివైనట్టు అనిపించేవి. రెండు మూడు సార్లు మధ్యలోనే లేచిపోయింది.

"ఏందయింది బిడ్డా, ఇదివరకు మంచిగ చెప్పేదానివి గదా," అంది సాయమ్మ.

"నాకు రోతయితున్నది సాయమ్మా. గట్ల చెప్పుడంటేనే రోతయితున్నది."

 సాయమ్మ కూడా షామియానా వెనక అంట్లు తోముతూ ఆ మాటలన్నీ విన్నది. తన పేరు కూడా విన్నది.

చివరికి అరుంధతి నోటితో చెప్పడం మానేసింది. సుద్దముక్కతో వంటింటి బండల మీద రాసేది, తడిబట్టతో తుడిచేది, మళ్లీ రాసేది. ఎవరూ వినకుండా, ఎవరూ చూడకుండా. ఆలస్యమయ్యేది, విసుగొచ్చేది. ఒకప్పటి సంతోషం ఎక్కడా లేదు. పంతం ఉంది అంతే. సోమనర్సయ్య సారు ఒకసారి వచ్చి "ఏమన్న చెప్పాల్నా బిడ్డా" అని అరుగు మీద నుంచి అడిగాడు. ఆమె లోపలి నుంచి "వద్దు సారు" అంది. ఆయన చాయ తాగి వెళ్లిపోయాడు.

అక్టోబరులో సాయమ్మను తోడు తీసుకుని జనగామ పోయి రాసింది. తన నంబరే వేసింది. పాసైంది గాని ఫస్టు క్లాసు రాలేదు. లడ్డూలూ లేవు. గార్ల సంబంధం వాళ్లు మొండి పిల్లట అని విని వెనక్కి తగ్గారు. ఆమె టీచరు ట్రైనింగుకు పోయింది. తర్వాత మహబూబాబాద్‌లో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. అక్కడే పెళ్లి చేసుకుంది. పుట్టింటికి పెళ్లిళ్లకూ చావులకూ తప్ప పోయేది కాదు.

భూపాల్ హన్మకొండలో ఏడాదిన్నర ఉన్నాడు. కాలేజీ పరీక్షల్లో ముందు బల్ల మీద చెల్లెలు లేదు. వెనక్కొచ్చి రోడ్డు కాంట్రాక్టులు పట్టాడు, తర్వాత రాజకీయాల్లో తిరిగాడు, బాగానే సంపాదించాడు. ఊరి బడిలో ఏ పంద్రాగస్టుకైనా అతన్నే పిలిచేవారు. మన ఊరి మొదటి ఫస్టు క్లాసు అని చెప్పేవారు. పిల్లలకు అతను ఎట్లా చదవాలో చెప్పేవాడు.

ఎనభై మూడులో బయ్యారంలో ఒక మేనత్త మనుమరాలి పెళ్లికి అరుంధతి వెళ్లింది. భోజనాల బంతిలో భూపాల్ ఎదురుగా కూర్చున్నాడు. అతని పక్కనున్న కాంట్రాక్టరు ఆమెను చూసి, "మీ చెల్లె లెక్కల టీచరటగద రెడ్డిగారూ," అన్నాడు.

"అవును," అన్నాడు భూపాల్, ముద్ద నములుతూ. "చిన్నప్పుడు నేనే కూసోబెట్టి నేర్పిన. ఎట్ల చదవాల్నో చెప్పేటోడు ఉంటే ఆడపిల్లలైనా పైకొస్తరు."

అతని కళ్లలో అబద్ధం లేదు. చెల్లెలి వైపు చూసి ప్రేమగా నవ్వాడు కూడా. అతని పెదాల చుట్టూ పప్పు అంటి ఉంది.

అరుంధతి విస్తరి మడిచింది. ఇంకా సగం అన్నం ఉంది.

"అప్పుడే లేస్తున్నవేందక్కా, పెరుగు రాలే ఇంకా," అంది వడ్డించే పిల్ల.

"వద్దమ్మా," అంది. "తినబుద్ధయితలేదు."

బయట తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, పెళ్లివాళ్లకు చెప్పి, ఉన్న బస్సు పట్టుకుని మహబూబాబాద్ వెళ్లిపోయింది.